పక్కవారి వేలు

చిట్టా 212
గాలి: మంచిది. పెద్ద ఫ్యాను ఆగలేదు. ధూళి మామూలు. నీళ్ళు రెండు పూటలా వచ్చాయి.

గాలి చిట్టాలో గాలి సంగతి తప్ప మరేమీ రాయకూడదని మా వీధి నియమం. కానీ సగం పేజీ ఊరికే మిగిలిపోతుంది. మాట్లాడటం నాకు చేతకాదు. అయిదో తరగతి దాకా చదివాను కాబట్టి రాయడం చేతనవును. అందుకే మిగిలిన సగంలో ఇంటి సంగతులు రాస్తుంటాను.

పాత గని లోపల వెలసిన మా ఊరిని బాయి అంటారు. మా బాయిలో ప్రతి ఇంటా చిట్టా రాసే పని కోడలిదే. పొద్దున లేవగానే గుమ్మం పక్కనున్న మీటరు మీద వేలు పెడితే అది ఆ వేలిని గుర్తుపట్టి గాలి లెక్క చూపిస్తుంది, పైకి పంపిస్తుంది. వేలు ముట్టని రోజు పేజీ రాసినా చెల్లదు. గోరింటాకుతో నల్లబడిన వేలిని మీటరు గుర్తుపట్టదు. కోడళ్ళందరం కుడిచేతి చూపుడువేలికి గోరింటాకు పెట్టుకోకుండా వదిలేసేది అందుకే. దాన్ని చిట్టా వేలు అంటారు.

ఇవాళ శుక్రవారం, గోరింటాకు రోజు. దీపాల కింద తొట్లలో పెంచిన ఆకు రుబ్బి, తుప్పు నీళ్ళు కలిపి అందరికీ పెట్టాను. బాయి చెమ్మకు గోళ్ళు పుచ్చిపోకుండా ఇక్కడ ఆడా మగా అందరూ పెట్టుకుంటారు. పట్టేసరికి వేళ్ళు బొగ్గులా నల్లబడతాయి. ఫ్యాను పనికి పోయే మా ఆయన సాంబయ్యకు మందంగా పెట్టాను. తర్వాత మా ఆడపడుచు సరూప చెయ్యి చాపింది.

"వదినె, గా అద్దుడేందే, మంచిగ పట్టియ్యి. నీ చెయ్యి గూడ నీ గొంతు లెక్కనే ఉన్నది. తాకిందో లేదో ఎర్కనే అయితలేదు."

సరూపది పిలుపు పని. పాత సొరంగాల్లోకి గాలిగొట్టాలు బాగుచేయడానికి మనుషులు పోయినప్పుడు మొగదల నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తుంది. లోపలివాళ్ళు "ఉన్నా" అని పలకాలి. పలకకపోతే గంట కొడుతుంది. దాని గొంతు మూడు మలుపుల అవతలికి కూడా వినిపిస్తుంది. ఈ రోజు మాత్రం ఎడమ దవడ ఉబ్బి మాట ముద్దగా వస్తోంది. జ్ఞానదంతం అడ్డంగా మొలిచింది.

"పిలిచేటోళ్ళకే పన్ను పోటొస్తే ఎట్లనే?" అన్నాడు మా ఆయన.

"వదినెను నిలబెట్టు. లోపటోళ్ళు ఇననీకె బయటికే వస్తరు," అంది సరూప, చెంప పట్టుకుని నవ్వుతూ.

చిట్టా 214
గాలి: మంచిది. సాయంత్రం కాస్త బరువుగా ఉంది.

పళ్ళ దవాఖానాకు రేపు రమ్మన్నారు. అది మా బాయిలోనే, బడి పక్కన ఉంది. అక్కడ డాక్టరు ఉండడు. ఆయన పైన, ఎండ ఊళ్ళో, చల్లటి గదిలో కూర్చుంటాడు. కింద ఆయన చేతులు మాత్రమే ఉంటాయి. అవి కుర్చీకి బిగించిన రెండు ఇనుప చేతులు. ఒకేసారి మూడు నాలుగు బాయిల్లో పళ్ళు పీకుతాడట. మనిషి కదిలితే ఆ చేతులకు పన్ను అందదు. అందుకని చిన్న పన్నుకైనా నిద్రమందు ఇచ్చేస్తారు. కుర్చీ పేరే సుఖనిద్ర.

నొప్పి తెలియకుండా సూది ఇస్తే చాలదా అని మా ఆయన అడిగాడు. దవాఖానాలో పనిచేసే భాగ్య మా వీధి పిల్లే. "సూదితోని మనిషి మెలకువుంటడన్నా. మెలకువున్న మనిషి కదుల్తడు," అంది. తర్వాత నావైపు తిరిగి, "తోడు నువ్వే రావాలె అక్కా. చిట్టా రాసే కోడలే కావాలె," అంది.

ఎందుకని నేను అడగలేదు. కాగితం మీద వేలిముద్ర కోసమనుకున్నాను.

చిట్టా 215
గాలి: మీటరు మంచిదనే చూపించింది.

గాలి గురించే రాయాలన్నారు కదా. ఇది సరూప గాలి గురించి. ఎవరేమన్నా రాస్తాను.

కుర్చీలో కూర్చోగానే భాగ్య సరూప వేలికి ఒక క్లిప్పు పెట్టింది. బట్టలారేసే క్లిప్పులా ఉంటుంది, లోపల ఎర్రగా వెలుగుతుంది. ఒంట్లో గాలి ఎంత ఉందో, గుండె ఎలా కొట్టుకుంటోందో అది వేలిలోంచి చూసి కుర్చీకి చెబుతుందట. కుర్చీ, "వేలు అందలేదు" అంది. భాగ్య ఇంకో వేలికి మార్చింది. "వేలు అందలేదు." నల్లటి గోరింటాకు దాటి ఆ వెలుగు లోపలికి పోలేదు.

భాగ్య విసుక్కోలేదు. ఇది రోజూ ఉండేదే అన్నట్టు నాకు స్టూలు జరిపి, "అక్కా, నీ చిట్టా వేలు ఇటియ్యి," అని నా వేలికి క్లిప్పు పెట్టింది.

కుర్చీ మీద పచ్చదీపం వెలిగింది. "ఊపిరి బాగుంది. నిద్రకు సిద్ధం," అంది కుర్చీ.

"కదలకు అక్కా. కదిల్తె మల్ల మొదటినుంచి చెయ్యాలె."

కొత్త చోట నోరు విప్పలేని దాన్ని, నేనేం అంటాను? అది వేలిముద్రలాంటిదే కాబోలనుకున్నాను. మందు ఎక్కుతుండగా సరూప నన్ను చూసి కన్ను కొట్టి, "వదినె, భయమైతె నువ్వు గూడ పండుకో," అంది. అదే అది మాట్లాడిన ఆఖరి నిండు మాట.

ఇనుప చేతులు పని మొదలుపెట్టాయి. సరూప గురక పెట్టింది. కాసేపటికి గురక ఆగింది. మంచి నిద్ర పట్టిందనుకున్నాను. తర్వాత దాని పొట్ట మీదున్న చున్నీ కదలడం లేదని చూశాను. బాయి పసుపు దీపాల కింద పెదాల రంగు తెలియదు. సొరంగం మొగదల నిలబడినట్టే ఉంది నాకు. చిన్నగా, "సరూపా," అని పిలిచాను.

భాగ్య నవ్వింది. "నిద్రల ఉన్నోళ్ళు పలుకుతరా అక్కా?"

మళ్ళీ పిలిచాను. పలకలేదు. చున్నీ కదలడం లేదని చెప్పాను. భాగ్య పచ్చదీపం చూపించింది. "ఊపిరి బాగుంది," అంది కుర్చీ. పైనున్న డాక్టరుకు కూడా ఆ పచ్చదీపమే కనిపిస్తోంది. చేతులు ఆగలేదు.

నేను లేచి సరూప భుజం పట్టి కుదిపాను. నేను లేవడంతో క్లిప్పు నా వేలినుంచి ఊడిపోయింది.

అప్పుడు కుర్చీ అరిచింది. "ఊపిరి అందడం లేదు! ఊపిరి అందడం లేదు!"

సరూప ఊపిరి ఆగినప్పుడు అరవని కుర్చీ నా వేలు ఊడగానే అరిచింది. ఇంతసేపూ అది కాచింది నా ఊపిరిని. పక్కన కళ్ళు తెరిచి కూర్చున్న దాని ఊపిరిని కాస్తూ, నిద్రపోయిన పిల్లను గాలికి వదిలేసింది. గాలి కూడా లేదు పాపం దానికి.

ఆక్సిజన్ సీసా అద్దాల బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి పైన, కుర్చీ పెట్టిన కంపెనీ ఆఫీసులో ఉందట. నేను వీధిలోకి పరుగెత్తి అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. మలుపులో వేలాడే గాలిసంచి తీసుకుని ఫ్యాను పనివాళ్ళు వచ్చారు. సొరంగంలో పడిపోయినవాళ్ళకు పెట్టినట్టు సరూప ముక్కుకు పెట్టి గాలి ఒత్తారు. చాలాసేపు ఒత్తారు. చివరికి దగ్గింది.

చిట్టా 223
గాలి: మంచిది.

సరూప బతికింది. ఇంట్లోనే ఉంది. అన్నం తినిపిస్తే తింటుంది. గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. పేరు పెట్టి పిలిస్తే ఇటు తిరుగుతుంది, పెదాలు కదుపుతుంది, మాట రాదు. పైన పెద్దాసుపత్రిలో మెదడు వైద్యం ఉందట, తొందరగా తీసుకుపోతే మాట తిరిగొచ్చే అవకాశముందట. పైకి పోవాలంటే పాసు కావాలి. తప్పు కంపెనీదని తేలితేనే వైద్యానికి పాసు ఇస్తారు.

ఇవాళ కంపెనీ మనిషి అశ్విన్ గారు మా ఇంటికి వచ్చారు. పైవాళ్ళ బట్టలు, పైవాళ్ళ చెప్పులు. కూర్చోమంటే గోడకు ఆనకుండా కూర్చున్నారు. చేతిలోని పలక మీద పచ్చటి గీత చూపించారు.

"చూడండి సాంబయ్య గారూ. మొదటినుంచి క్లిప్పు ఊడేదాకా ఊపిరి ఎంత బాగుందో. ఎక్కడా తగ్గలేదు. మీ చెల్లెలికి ముందే ఏదో జబ్బు ఉండి ఉంటుంది. మీరు మాకు చెప్పలేదు."

నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను. ఆ పచ్చటి గీత నాది. సగం దాటాక అది పైకీ కిందికీ గంతులు వేస్తోంది. చున్నీ కదలకపోవడం చూసి నా గుండె కొట్టుకున్న చోటు అది. నా భయాన్ని పలకలో బంధించి, ఆ పిల్ల బాగుండిందనడానికి సాక్ష్యంగా మా ఇంటికే పట్టుకొచ్చాడు.

"అది నా ఏలు," అన్నాను తలుపు చాటునుంచే.

"ఏమంటున్నారామె?"

మా ఆయన నావైపు చూశాడు. గట్టిగా మళ్ళీ అనలేకపోయాను. ఆయనే చెప్పాడు. అశ్విన్ గారు నవ్వారు. "అలా ఎవరూ చేయరండీ. క్లిప్పు పేషెంటు వేలికే పెట్టాలని మా పుస్తకంలో స్పష్టంగా ఉంది. భాగ్యనే అడగండి."

భాగ్యను అడిగాం. తలవంచుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్లకు ఉద్యోగం ఉండాలి కదా.

చిట్టా 226
గాలి: మంచిది. రాసి రాసి విసుగొచ్చింది ఈ మాట.

పైనుంచి కమిటీ వస్తోంది. సరూప కోసమని వస్తున్నారేమో అనుకున్నాను. కాదు. కింది ఊళ్ళకున్న మినహాయింపు గడువు అయిపోవస్తోంది, దాన్ని పొడిగించడానికి వస్తున్నారు. సరూప సంగతి కూడా ఆ పూటే వింటారట.

మినహాయింపు ఏమిటో మా ఆయన చదివి చెప్పాడు. పైన పళ్ళకు నిద్రమందు ఇవ్వాలంటే డాక్టరు కాక ఇంకో మనిషి ఉండి తీరాలి. ఆ మనిషికి ఊపిరి చూడటం ఒక్కటే పని. పన్ను వైపు చూడకూడదు, సామాను అందించకూడదు. మధ్యమధ్యలో పిలవాలి. పిలిస్తే పలికేంత నిద్రే ఇవ్వాలి. పలకకపోతే మందు ఆపి గాలి పెట్టాలి. సీసా చేతికందేచోట ఉండాలి. కింది ఊళ్ళలో మాత్రం కుర్చీ ఉంది కాబట్టి మనిషి అక్కర్లేదు.

పిలవడం, పలకడం. బాయిలో మా తాతల నాటినుంచి ఉన్నదే. సొరంగంలోకి పోయే మనిషికి మొగదల ఇంకో మనిషి ఉండాలని మాకు ఎవరూ చట్టం రాసివ్వలేదు. చట్టం రాసుకున్నవాళ్ళు ఆ చట్టాన్ని కిందికి దిగే మెట్ల దగ్గరే ఆపేశారు. పైవాళ్ళ ఊపిరికి మనిషి కాపలా, మా ఊపిరికి క్లిప్పు. అదీ మా వేలికి అందని క్లిప్పు. మా వేళ్ళు నల్లగా ఉంటాయని వాళ్ళకు తెలియదా? కుర్చీ అమ్మేముందు ఒక్కరి చేతివంకైనా చూశారా?

"నువ్వు చెప్పాలె," అన్నాడు మా ఆయన.

"నాతోని కాదు."

"నీ ఏలుకే గద పెట్టింది. నేను చెప్తె ఎవడింటడు?"

సరూప మా మాటలు వింటూ గోడవైపు చూస్తోంది. మునుపటిలా అయితే "వదినె సాక్ష్యం చెప్తదా? జడ్జి చెవిల యంత్రం పెట్టుకోవాలె" అని ఎగతాళి చేసేది. ఆ ఎగతాళి కోసం నా ప్రాణం కొట్టుకుంది.

చిట్టా 227
గాలి: తెలియదు.

ఇవాళ మీటరు ముట్టలేదు. ఈ పేజీ చెల్లదు. నిన్న శుక్రవారం. గోరింటాకు రుబ్బి, చిట్టా వేలికి కూడా పెట్టుకున్నాను.

పొద్దున మా ఆయన చూసి అదిరిపడ్డాడు. "ఏం పనే ఇది? పెద్దమనుషులు ఇంటిమీదికి రారా?"

"రానియ్యి," అన్నాను.

కమిటీ ఇవాళే.

చిట్టా 228
గాలి: తెలియదు.

నిన్న జరిగింది రాస్తున్నాను.

బడి హాల్లో కూర్చున్నాం. బాయి అంతా వచ్చింది. కమిటీ పెద్ద యామినీ మేడం నడివయసు మనిషి, కళ్ళజోడు, గోళ్ళు తెల్లగా ఉన్నాయి. అశ్విన్ గారు సుఖనిద్ర కుర్చీనే హాల్లోకి తెప్పించారు. పచ్చటి గీత గోడ మీద పెద్దగా వేసి చూపించారు. మనిషి కునుకు తీస్తాడు, కుర్చీ కునుకు తీయదన్నారు. పైవాళ్ళలో ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు.

తర్వాత నన్ను పిలిచారు. లేచాను. అంతమంది మొగవాళ్ళ ఎదుట నిలబడేసరికి ఇంట్లో నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు.

"భయపడకమ్మా. ఏం చెప్పాలనుకుంటున్నావో చెప్పు," అన్నారు మేడం.

"నన్ను... దాంట్ల కూసోబెట్టున్రి," అన్నాను.

"కుర్చీలోనా?"

తల ఊపాను. అశ్విన్ గారు సంతోషించారు. "తప్పకుండా. మందు లేకుండా చూపిద్దాం. మీకే తెలుస్తుంది మేడం." భాగ్యను రమ్మని సైగ చేశారు.

కుర్చీ చల్లగా ఉంది. సరూప తల ఆనించిన చోటే తల ఆనించాను. మేడం దగ్గరికొచ్చి కుర్చీ చేయి మీద చెయ్యి వేసి వంగి చూస్తున్నారు. భాగ్య నా చిట్టా వేలు పట్టుకుంది. అది నల్లగా ఉండటం చూసి ఒక్క క్షణం నా కళ్ళలోకి చూసింది. క్లిప్పు పెట్టింది.

"వేలు అందలేదు," అంది కుర్చీ.

హాల్లో గుసగుసలు. అశ్విన్ గారు గొంతు సవరించుకున్నారు. "మార్చు, మార్చు భాగ్యా. తొందరగా."

భాగ్య మార్చింది. "వేలు అందలేదు." ఇంకోటి. "వేలు అందలేదు."

నేను అనుకున్నది ఇంతవరకే. కుర్చీకి మా వేళ్ళు కనబడవని వాళ్ళు కళ్ళారా చూస్తే చాలనుకున్నాను. తర్వాత జరిగింది నేను అనుకున్నది కాదు. తొందరపెట్టేసరికి భాగ్య చేతులు వాటంతటవి రోజూ చేసే పనే చేశాయి. తల కూడా ఎత్తకుండా, దగ్గర్లో ఉన్న తెల్లవేలు ఏదో చూసుకుని దానికి క్లిప్పు పెట్టేసింది.

అది యామినీ మేడం వేలు.

పచ్చదీపం వెలిగింది. "ఊపిరి బాగుంది," అంది కుర్చీ. "నిద్రకు సిద్ధం."

"భాగ్యా!" అని అరిచారు అశ్విన్ గారు.

భాగ్య ఉలిక్కిపడింది. ఏం చేసిందో అప్పుడు చూసుకుంది. తర్వాత ఏడుపు గొంతుతో, "రోజూ గిట్లనే గద సార్! ఏలు అందకుంటె పక్కోళ్ళకు పెట్టు, పని ఆపకు అని మీరే గద చెప్పింది. చిట్టా కోడలినే తోలుకరమ్మన్నది ఎవరు సార్?" అంది.

మేడం క్లిప్పు తీసేయలేదు. తన వేలిని, పచ్చదీపాన్ని, కుర్చీలో పడుకున్న నన్ను చూశారు.

"ఇది నా ఊపిరి," అన్నారు మెల్లగా.

"అవు మేడం," అన్నాను. ఈసారి గొంతు వచ్చింది. నాకే కొత్తగా ఉంది. "గోడ మీద ఉన్నది నాది. సరూపది ఎవ్వలు చూడలే. నేను పిలిచిన, అది పలకలే. మా దిక్కు పిలిస్తె పలకకుంటె గంట కొడ్తరు మేడం. గీ కుర్చీ మంచిగున్నది మంచిగున్నది అనుకుంట కూసున్నది."

వెనక వరసలోంచి ఎవరో, "గట్టిగ చెప్పు బిడ్డా!" అన్నారు. గట్టిగానే చెప్పాను.

చిట్టా 231
గాలి: తెలియదు.

మేడం అక్కడికక్కడే పాసు మీద సంతకం పెట్టారు. సరూపను తీసుకుని మా ఆయన పైకి పోయాడు. మెట్ల మొగదల అది నా చెయ్యి పట్టుకుని నల్లటి చిట్టా వేలిని చాలాసేపు చూసింది. నవ్వినట్టే అనిపించింది.

మా బాయి కుర్చీకి సీలు వేశారు. మిగిలిన బాయిల సంగతి అడిగితే, "పరిశీలనలో ఉంది" అన్నారు. అంటే అక్కడ ఇప్పటికీ పీకుతున్నారు. పక్క కూర్చున్న కోడళ్ళ ఊపిరి చూసుకుంటూ పళ్ళు పీకుతున్నారు. మా కుర్చీలో తప్పయినది వాళ్ళ కుర్చీలో ఒప్పెలా అవుతుంది? పరిశీలించడానికి ఇంకెవరి చెల్లెలు కావాలి వీళ్ళకి?

గాలిగొట్టాల వెంట బాయినుంచి బాయికి కబురు పంపే పద్ధతి ఒకటుంది. పిలుపు పనివాళ్ళు ఒకరి మాట ఒకరు అందుకుని అవతలికి చేరుస్తారు. సరూపకు బదులుగా ఈ వారం పిలుపు నాది. ఇవాళ గొట్టం మొగదల నిలబడి పిలిచాను. అవతలి బాయిలో ఎవరో ఆడమనిషి, "ఉన్నా" అంది. చెప్పాల్సింది చెప్పాను.

చిట్టా 236
గాలి:

మీటరు ముట్టలేదు. నేనొక్కదాన్నే కాదు, మా వీధిలో ఎవరూ ముట్టలేదు. అవతలి బాయిలో ముట్టలేదు. దాని అవతలి బాయిలోనూ ముట్టలేదని ఇప్పుడే గొట్టంలో కబురొచ్చింది. కోడళ్ళందరూ చిట్టా వేలికి గోరింటాకు పెట్టుకున్నారు. ఏ కుర్చీకీ వేలు అందడం లేదు, ఎక్కడా పచ్చదీపం వెలగడం లేదు. కింది ఊళ్ళ గాలి లెక్క ఒక్కటీ పైకి పోవడం లేదు. పన్ను నొప్పి ఉన్నవాళ్ళు లవంగం నూనె దూదితో అద్దుకుని ఓర్చుకుంటున్నారు.

అశ్విన్ గారు ఫోనులో బతిమాలారు. లెక్క లేకపోతే ఫ్యాన్లు సరిగా నడుస్తున్నాయని పైవాళ్ళు సంతకం పెట్టలేరట, ఒక్కసారి వేలు ముట్టమన్నారు.

నా జవాబు ఇదే: ప్రతి కుర్చీ పక్కన ఊపిరి చూసే మనిషిని పెట్టండి, పేరు పెట్టి పిలిచే మనిషిని. ఆ రోజునుంచి నా వేలికి గోరింటాకు పెట్టను, నలుపు పోగానే గాలి ఎలా ఉందో రాస్తాను.